గడ్డకట్టని నీటి చరిత్రము

నీరు సున్న డిగ్రీలయొద్ద గడ్డకట్టునని బడిలో చదువుకొన్న పిల్లవాడెవ్వడైనను చెప్పగలడు. ఆ మాట అసత్యము కాదు, సంపూర్ణసత్యమును కాదు. సున్న డిగ్రీలు దాటి వెచ్చబడిన మంచుగడ్డ కరగక నిలువదు. నీటి సంగతి అట్లుగాదు. అది ఆ హద్దునొద్ద గడ్డకట్టవచ్చును, కట్టకపోవచ్చును. మిక్కిలి నిర్మలమైన నీటిని కదల్పక మెల్లమెల్లగా చల్లార్చినచో, సున్నకు దిగువ ఐదు డిగ్రీలకు, పది డిగ్రీలకు, ఇంకను క్రిందికి పోయియు అది నీరుగానే నిలుచును. ఇట్టి నీటిని శాస్త్రజ్ఞులు అతిశీతల జలమందురు. దానిలో ఇసుమంత మంచుపలుకు పడెనా, చూచుచుండగనే అందెల్లెడల మంచుసూదులు పాఱును.

ఈ విశేషము మొదట కంటబడి మూడువందల సంవత్సరములు దాటినది. దాని మర్మములు కొన్ని మొన్న మొన్నటివఱకు పండితులమధ్య తీవ్రవివాదములకు కారణమైనవి. ఆ చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా నివేదింప నెంచితిమి. ఇది నీటి కథ మాత్రమే కాదు. ఒక సత్యము ఎట్లు బయలుపడునో, ఏ కారణముచేత మరుగుపడి యుండునో తెలుపు కథ కూడను.

గట్టిపడిన నీటినిగూర్చిన ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. మన తార్కికులు ద్రవత్వమును రెండు విధములుగా విభజించిరి. నేయి, లక్క మొదలగువాని ద్రవత్వము అగ్నిసంయోగమువలన కలుగునది. నీటి ద్రవత్వము స్వభావసిద్ధమైనది. అట్లయినచో వడగల్లు ఏల గట్టిగా నున్నదను శంక పుట్టక మానదు. పదునేడవ శతాబ్దమునాటి విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంత ముక్తావళియందు ఈ శంకను విడువక చర్చించెను. కరగిన వడగల్లు నీరే యగుట ప్రత్యక్షము గనుక అదియు జలమే యనియు, అదృష్టవిశేషముచేత దాని ద్రవత్వము అడ్డగింపబడి యున్నదనియు ఆయన సమాధానము. ఈ ప్రశ్న చాల గొప్పది. వడగంటిని చేతబట్టి కరగించి చూచినంతవఱకు త్రోవయు సరియైనదే. కాని అడ్డగించు కారణమునకు అదృష్టమని పేరుపెట్టినతోడనే విచారణ యచ్చట నిలిచిపోయెను. కానరాని కారణము కలదని యొప్పుకొనుట తప్పుగాదు. ఆ కానరానిదానిని కానవచ్చునట్లు చేయుటకు మఱియొక సాధనము కావలసి యుండెను. ఆ సాధనము ఉష్ణమాపకము. దానిని నమ్మదగినదిగా చేసినవాని చేతిలోనే అతిశీతల జలము తొలుత పట్టుబడుట విధివిలాసము కాదు, న్యాయమే.

డేనియల్ గాబ్రియల్ ఫారెన్‌హీట్ 1686వ సంవత్సరమున బాల్టికు సముద్రతీరమందలి డాంట్జిగు నగరమున జన్మించెను. ఆ యూరు నేడు పోలండు దేశమున గ్డాన్‌స్కు అని పిలువబడుచున్నది. పదునైదేండ్ల ప్రాయమున, 1701లో, విషపు పుట్టగొడుగులు తిని తల్లిదండ్రులిద్దఱును మృతినొందగా, ఆయనను వర్తకము నేర్చుకొనుటకై ఆమ్‌స్టర్‌డాము నగరమునకు పంపిరి. బాలుని మనస్సు వర్తకమున నిలువక గాజుగొట్టములమీదికి పోయెను. ఆ కాలమున ఉష్ణమాపకములు లేకపోలేదు. కాని ఒకదానితో నొకటి సరిపోలునవి అరుదు. ఒకే గదిలో రెండింటిని వ్రేలాడదీసిన రెండు మాటలు చెప్పుచుండెడివి. ఫారెన్‌హీట్ చేసిన పరికరములు ఒకే మాట చెప్పెను. అది చూచి విద్వాంసు లచ్చెరువొందిరి. అయినను వానిని చేయు విధానము నాయన చాలకాలము ఎవ్వరికిని తెలుపలేదు. వృత్తిరహస్యము జీవనాధారముగదా!

1721వ సంవత్సరము మార్చి నెలలో ఆయన అంగుళము అడ్డుకొలత గల గాజుబుడ్డిలో సగమువఱకు వాననీరు పోసి, లోని గాలిని తీసివైచి, మూతి కరగించి మూసి, రాత్రియంతయు చలిలో నుంచెను. ఆయన ఉష్ణమాపకము చూపిన చలి పదునైదు డిగ్రీలు. ఆయన మానమున నీరు గడ్డకట్టు స్థానము ముప్పదిరెండు డిగ్రీలు గనుక, ఇది నేటి సెంటిగ్రేడు మానమున సున్నకు దిగువ తొమ్మిది డిగ్రీలకు పైచిలుకు. తెల్లవాఱుజామున చూడగా బుడ్డిలోని నీరు నీరుగానే యుండెను. గాలి లేకపోవుటయే యిందులకు కారణమని తలచి బుడ్డి కొనను విఱిచెను. గాలి చొచ్చినతోడనే నీటినిండ మంచుసూదులు పుట్టెను. ఊహ ఋజువైనట్లే తోచెను. కాని మఱియొకమాఱు గడ్డకట్టని నీటిబుడ్డిని చేతబట్టుకొని మెట్లమీద పోవుచుండగా కాలు తడబడి, బుడ్డి కుదుపు తిన్నది. గాలి చొరకయే ఆ క్షణమున నీరు మంచయ్యెను. అంతట, గాలి కాదు, కదలికయు కారణము కావచ్చునని ఆయన గ్రహించెను. మంచు పుట్టినపుడెల్ల ఉష్ణమాపకమున పాదరసము మీదికెగసి ముప్పదిరెండు డిగ్రీలయొద్ద నిలుచుటయు గనిపెట్టెను.

1724లో ఆయన ఈ పరిశోధనలను లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో లాటిను భాషయందు ప్రకటించెను. ఆ సంవత్సరముననే ఆ సంఘమువారు ఆయనను సభ్యునిగా స్వీకరించిరి. తన యుష్ణమాపకములను చేయు పద్ధతిని సైతము అప్పుడే లోకమునకు వెల్లడించెను. ఈ రెండును ఒక్క కాలమున జరుగుట గమనింపదగినది. ఫారెన్‌హీట్ మానమెట్టిదో తెలియనిచో, పదునైదు డిగ్రీలయొద్ద నీరు గడ్డకట్టలేదన్న మాట పరులకు నిరర్థకమై యుండెడిది. కొలమానము రహస్యమైనంత కాలము దానిచే కొలిచిన సత్యమును రహస్యమే.

ఇక కథ మన దేశమువైపు తిరుగుచున్నది. 1775లో సర్ రాబర్ట్ బార్కరను నాతడు అదే పత్రికలో ఇండియాలో మంచు చేయు పద్ధతినిగూర్చి యొక వ్యాసము ప్రకటించెను. అలహాబాదు, కలకత్తా ప్రాంతములలో బయలుప్రదేశమున ముప్పది యడుగుల చదరముగ, రెండడుగుల లోతుగ గుంటలు త్రవ్వి, అందు ఎండిన చెఱకుచొప్ప గాని జొన్నజాతి దంట్లు గాని పఱచి, వానిపై లోతు తక్కువ మట్టిచిప్పలను వరుసలుగా పేర్చి, ప్రొద్దుగూకు వేళ కాచి చల్లార్చిన నీటితో నింపుచుండిరి. శీతకాలమున ఆకాశము నిర్మలముగను, గాలి నిశ్చలముగను ఉన్న రాత్రులలో ఆ నీరు తన వేడిని మింటివైపు విడిచియు, కొంత ఆవిరియైపోయియు చల్లబడి, సూర్యోదయమునకు ముందే పలుచని మంచుబిళ్లలై యుండెడిది. చెఱువులలో మంచుకట్టని సీమలో మంచును పండించిన ఆ పనివారి పేర్లు మనకు దక్కలేదు; వారి చేతిపని మాత్రము దక్కినది.

కాచిన నీరు పచ్చినీటికంటె త్వరగా గడ్డకట్టునను నమ్మకము ఆనాడు పలుచోట్ల నుండెను. గుప్తోష్ణమును కనిపెట్టిన స్కాట్లండు రసాయనపండితుడు జోసెఫ్ బ్లాకు ఆ నమ్మకమును పరీక్షించి, తన ఫలితములను 1775నాటి అదే సంపుటములో ప్రకటించెను. ఆయన కాచిన నీటిని, కాచని నీటిని వేఱువేఱు పాత్రలలో పోసి చలిగాలిలో నుంచెను. కాచిన నీరే ముందుగా గడ్డకట్టెను. కాని కాచని నీటిలో ఉష్ణమాపకము ముంచి చూడగా, అదియు గడ్డకట్టు స్థానమునకు దిగువ వఱకు చల్లబడియే యుండెను. చల్లబడియు మంచుగాక నిలిచి యుండెను. దానిని కదిపినతోడనే మంచుకట్టెను. అనగా కాచిన నీటికి ప్రత్యేకమైన మహిమ యేమియు లేదు. కాచుటవలన తనలోని గాలిని కోలుపోయిన నీరు దానిని మరల పీల్చుకొనుచుండును గనుక, ఆ సూక్ష్మమైన కదలికయే దానిని అతిశీతలముగ నిలువనీయలేదని బ్లాకు భావించెను. ఆయన సమాధానము తుదిమాట కాకపోయినను, ఆయన పద్ధతి మిక్కిలి యుత్తమమైనది. లోకవాదమును పరిహసింపలేదు, గ్రుడ్డిగా నమ్మనులేదు, రెండు పాత్రలు ప్రక్కప్రక్కన పెట్టి చూచెను.

ఉష్ణమాపకము మీదికెగయుటకు కారణమును బ్లాకు సిద్ధాంతమే విశదపఱచినది. నీరు మంచగునపుడు తనలో దాగియున్న వేడిని విడుచును. సున్నకు దిగువ పది డిగ్రీలయొద్దనున్న నీటిలో మంచు పుట్టినచో, సుమారు ఎనిమిదవ పాలు గడ్డకట్టునప్పటికే వెలువడిన వేడి మిగిలిన నీటినంతయు సున్నకు తెచ్చును. అంతట నా వేగము తగ్గి, తక్కిన నీరు చలిగాలి వేడిని హరించినకొలదిని మెల్లగా ఘనీభవించును. గడ్డకట్టుట యనగా వేడిని విడుచుట యనుమాట వినుటకు వింతగా నుండును. ఉష్ణమాపకము దానిని కంటికి చూపుచున్నది.

రాయల్ సొసైటీ కార్యదర్శియైన చార్లెస్ బ్లాగ్డెను 1788లో విచారణను మఱియొక మెట్టు ముందునకు నడపెను. కదలిక యొక్కటియే కారణమైనచో కదిపినపుడెల్ల నీరు గడ్డకట్టవలెను, అట్లు జరుగలేదు. కొన్నిసారులు ఎంత కదిపినను నీరు నీరుగానే నిలిచెను. మురికి నీరు త్వరగా గడ్డకట్టెను. నిర్మలమైన నీరు చాల దిగువకు పోయెను. ఒక్కటి మాత్రము ఎన్నడును తప్పలేదు. అతిశీతల జలమును మంచుపలుకు తాకినచో అది తక్షణము గడ్డకట్టెను. గాలి, కదలిక, కాచుట అను మూడు సమాధానములును ఒకదాని వెనుక నొకటి తొలగి, బీజమను మాట మిగిలినది.

బీజమెందులకు కావలెను? మన గృహిణులకు దీనిని విశదపఱచుట కష్టము కాదు. పాలు ఎంతసేపు ఊరక యుంచినను మంచి పెరుగు కాదు; చెంచెడు తోడు వేయవలెను. తోడులోని జీవులు పెరిగి పాలను పెరుగు చేయును. నీటియందు జీవులు లేవు, కాని తోడు కావలెననుట మాత్రము సమానమే. ఇంతకంటె దగ్గఱి పోలిక పటికబెల్లము. చిక్కని పంచదారపాకములో దారము వ్రేలాడదీసినచో పలుకులు ఆ దారమును పట్టుకొని పెరుగును. నీటియణువులు నిరంతరము చలించుచు, అప్పుడప్పుడు యాదృచ్ఛికముగ కొన్ని యొకచోట చేరి మంచుయొక్క క్రమములో నిలుచును. కాని ఆ గుంపు మిక్కిలి చిన్నది. నాలుగిండ్ల పల్లెలో ప్రతి యిల్లును పొలిమేరయందే యున్నట్లు, చిన్న గుంపులో అణువులన్నియు అంచుననే యుండును. అంచుననున్న అణువునకు ఆధారము తక్కువ. అందుచేత గుంపు కట్టినంతలోనే చెదరిపోవును. ఒక పరిమితిని దాటి పెరిగిన గుంపు మాత్రము చెదరక ఇంకను పెరుగును. నీరు ఎంత చల్లనైనచో ఆ పరిమితి అంత చిన్నదగును. దుమ్ము, పుప్పొడి, కొన్ని సూక్ష్మజీవుల దేహములు ఆ చిన్నగుంపునకు ఆనికనిచ్చి నిలుపును. అవి లేని నిర్మలమైన సూక్ష్మబిందువులు సున్నకు దిగువ ముప్పదియెనిమిది డిగ్రీలవఱకు నీరుగానే యుండగలవు.

ఇది ప్రయోగశాలలోని వినోదమనుకొనరాదు. మన తలలపైని మేఘములలో ఇట్టి నీరు అపారముగా నున్నది. మన దేశమున వర్షకాలమందు భూమికి సుమారు ఐదు కిలోమీటరుల పైన శీతోష్ణస్థితి సున్నకు దిగును. అంతకు మించి యెగసిన మేఘములలో మంచుపలుకులును, గడ్డకట్టని నీటిబిందువులును కలసి యుండును. ఈ రెండును ఒకచోట నున్నపుడు బిందువుల నీరు ఆవిరియై మంచుపలుకులను చేరుననియు, పలుకులు పెరిగి బరువెక్కి క్రిందికి జారుననియు జర్మను పండితుడు ఆల్‌ఫ్రెడ్ వేగెనరు 1911లో సూచింపగా, స్వీడను దేశీయుడు టోర్ బెర్గెరాన్ 1930వ దశకమున దానిని వర్షసిద్ధాంతముగా విస్తరించెను. వడగండ్లును అతిశీతల బిందువులు మంచుపలుకును తాకి పొరలు పొరలుగా గడ్డకట్టుటవలన పెరుగునవే. విశ్వనాథ పంచాననుని వడగంటికి అడ్డుపడిన యదృష్టము ఇట్లు దృష్టమైనది! అట్టి మేఘములో విమానము చొచ్చినచో బిందువులు రెక్కలనంటి మంచుపొరగ గట్టిపడును. ఈ కారణమున కూలిన విమానములును కలవు.

అమెరికాలో స్కెనెక్టడీ నగరమందలి జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో విన్సెంట్ షేఫరను నాతడు పనిచేయుచుండెను. ఉన్నతపాఠశాల చదువైనను ముగింపక యంత్రకారునిగా జీవితమారంభించి, తన నేర్పుచేత పరిశోధకుడైనవాడు. 1946వ సంవత్సరము జూలైలో ఆయన శీతలపేటికలో నల్లని మఖమలుగుడ్డ పఱచి, అందు ఊపిరి విడిచి చిన్న మేఘమును సృజించి, దానిని మంచు చేయుటకు పలువిధముల పొడులు చల్లి చూచెను, ఫలింపలేదు. ఎండకాలమగుటచే పేటిక చాలినంత చల్లగా లేకుండుట చూచి, దానిని చల్లబఱచుటకై బొగ్గుపులుసు వాయువుయొక్క ఘనరూపమైన పొడిమంచు తునక నందు వేసెను. తక్షణము పేటికనిండ మంచుపలుకులు మెఱసెను. ఆ తునకయొక్క తీవ్రమైన చలి బీజముల యవసరమే లేకుండ చేసినది. అదే సంవత్సరము నవంబరు 13వ తేదీన ఆయన విమానమునుండి నిజమైన మేఘముపై పొడిమంచును చల్లగా, దానినుండి మంచు జాలువాఱెను. ఆ మఱునాడే ఆయన సహోద్యోగి బెర్నార్డ్ వొనెగట్టు, మంచుపలుకువంటి యణునిర్మాణము గల వెండి అయొడైడు మంచునకు బీజముగా పనిచేయునని కనుగొనెను.

కరవుసీమలవారికి ఇది యెంత యాశ గొల్పినదో చెప్పనక్కఱలేదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాయలసీమ మొదలగు ప్రాంతములయందు విమానములచేత మేఘమథనము చేయించినది. బీజము చల్లిన మేఘము కురిసినచో, బీజమువలననే కురిసెనా, ఎట్లును కురియవలసినదేనా యను ప్రశ్న మాత్రము నాడును నేడును ఎల్లదేశములలో నిలిచియున్నది. దీనికి సమాధానము బ్లాకు చూపిన త్రోవయే. చల్లిన మేఘమును చల్లని మేఘమును పెక్కుసారులు ప్రక్కప్రక్కన పెట్టి లెక్కింపవలెను. మేఘము లేనిచోట బీజము వానను సృజింపజాలదన్నది మాత్రము నిశ్చయము. తోడున్నంతమాత్రమున పాలు లేక పెరుగు కాదుగదా.

ఇంతవఱకు నీరెప్పుడు గడ్డకట్టుననుటయే ప్రశ్నగా నుండెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ప్రశ్న మాఱినది. గడ్డకట్టక అంత క్రిందికి పోయిన నీటి స్వభావమెట్టిది? పదార్థములు సాధారణముగా చల్లబడినకొలదిని కుదించుకొని చిక్కబడును. నీరు నాలుగు డిగ్రీలవఱకే కుదించుకొని, అటుపిమ్మట వ్యాకోచించును. అతిశీతలమైన కొలదిని ఈ వ్యాకోచము వేగముగ హెచ్చును. చల్లబడిన నీరు ఒత్తిడికి లొంగకుండవలసినది పోయి మఱింత లొంగును. రాబిన్ స్పీడీ, ఆస్టెన్ ఏంజెలను నిద్దఱు 1976లో ఈ లొంగుబాటును సున్నకు దిగువ ఇరువదియాఱు డిగ్రీలవఱకు కొలిచి, అది పెరుగుచున్న తీరు చూడగా నలువదియైదు డిగ్రీల దిగువను అనంతమగునట్లు తోచుచున్నదని ప్రకటించిరి. అచ్చట నేదో విపరీతము దాగియున్నదని యర్థము. కాని అచ్చటికి చేరకమునుపే నీరు గడ్డకట్టిపోవును. ముప్పదియెనిమిది డిగ్రీల దిగువనుండి నూటపదమూడు డిగ్రీల దిగువవఱకు గల ఆ యెడమను శాస్త్రజ్ఞులు నిర్మానుష్యభూమి యని పిలిచిరి.

ఆ భూమికి ఆవలి యొడ్డునుండి యొక వార్త వచ్చినది. 1984లో కెనడాలో ఒసాము మిషిమా మొదలగువారు మిక్కిలి శీతలమైన మంచును అధికమైన ఒత్తిడితో నొత్తగా, అది పలుకులక్రమమును కోలుపోయి గాజువలె క్రమరహితమైన ఘనమయ్యెను. ఇట్టి గాజుమంచు రెండు రకములు. ఒకటి తేలిక, ఒకటి బరువు. ఒకటి మఱియొకటిగ ఒక్కపెట్టున మాఱునని మఱుసటి యేట కనుగొనిరి. గాజుమంచు రెండు విధములైనచో, దాని మాతృకయైన ద్రవమును రెండు విధములా? బోస్టను విశ్వవిద్యాలయమునకు చెందిన యూజీన్ స్టాన్లీ మొదలగువారు 1992లో కంప్యూటరు గణనల నాధారముగ చేసికొని, అతిశీతల జలము చిక్కనిదనియు పలుచనిదనియు రెండు ద్రవములుగ విడిపోవునని ప్రతిపాదించిరి. మనము త్రాగు నీటి వింతగుణములన్నియు ఆ దూరపు విభజనయొక్క నీడలని వారి భావము.

వారు వాడిన కల్పితజలమునకు ఎస్.టి.2 అని పేరు. నీటి అణువు లొండొంటిని ఆకర్షించు తీరును గణితసూత్రములుగ వ్రాసి కంప్యూటరున కిచ్చినచో, అది అణువుల నడకను క్షణక్షణమును లెక్కించి చూపును. ఈ నమూనాను 1974లో నిర్మించినవారు ఫ్రాంక్ స్టిల్లింజరును, అనీసుర్ రహ్మానును. రహ్మాను 1927లో మన హైదరాబాదున జన్మించి, అమెరికాలో చికాగో సమీపమందలి ఆర్గాన్ ప్రయోగశాలయందు పనిచేసి, ద్రవముల నడకను కంప్యూటరుతో లెక్కించు విద్యకు ఆద్యులలో నొకడని ప్రసిద్ధి కెక్కినవాడు. ఈ సంగతి మన తెలుగు పాఠ్యపుస్తకములయందు కానరానిచో, అది మన లోపమే కాని ఆయన లోపము కాదు.

ఆ ఎస్.టి.2 నీటిపైననే వివాదము చెలరేగినది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని డేవిడ్ చాండ్లరు, ఆయన శిష్యుడు డేవిడ్ లిమ్మరు, రెండవ ద్రవమన్నది లేదనియు, పూర్వులు పలుచని ద్రవమని భ్రమించినది మంచుగా మాఱు యత్నములోనున్న నీరనియు ప్రకటించిరి. చాండ్లరు సామాన్యుడు కాడు, ద్రవసిద్ధాంతమున అగ్రగణ్యుడు. ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమునకు చెందిన పాబ్లో డెబెనెడెట్టియు అట్టివాడే. ఆయన పక్షమువారు పలువిధములైన గణనపద్ధతులతో పరీక్షించి, 2014లో రెండు ద్రవములును కలవని ప్రకటించిరి. ఒకే నమూనా, ఒకే ఒత్తిడి, ఒకే శీతము. ఫలితములు మాత్రము రెండు! ఫారెన్‌హీటునకు పూర్వము ఒకే గదిలో రెండు మాటలు చెప్పిన యుష్ణమాపకములు ఇచ్చట జ్ఞప్తికి రాక మానవు.

పత్రికలలో ఖండనములు, ప్రతిఖండనములు సాగినవి. సభలలో మాటలు వేడెక్కినవి. కాని ఖండనములచేత తేలని సంగతి యొకటి యుండెను. బర్క్‌లీవారి కంప్యూటరు కోడు, అనగా యంత్రమునకు వారిచ్చిన ఆదేశముల వరుస, ఎదుటివారు చూడలేదు. అది వారి చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టెను. వచ్చిన పిమ్మట ప్రిన్స్‌టనువారును వారి సహకారులును దానిని పంక్తి పంక్తిగ పరిశీలించి, గణన ఆరంభించునప్పుడెల్ల అణువులకు తొలివేగములను పంచు చోట దోషము గలదని కనుగొనిరి. ఆ దోషమును దిద్ది లెక్కింపగా రెండవ ద్రవము వారి కోడునందును కనబడినదని 2018లో ప్రకటించిరి. చాండ్లరు 2017 ఏప్రిలులోనే కాలధర్మము నొందెను. ఈ ఫలితమును చూడలేదు. ఏడేండ్ల వివాదమునకు మూలము, కొన్ని పంక్తులలో నున్న, కానరాని యొక పొరపాటు.

ఇచ్చట నొక సంగతి మఱవరాదు. కంప్యూటరులోని నీరు నిజమైన నీరు కాదు. ఎస్.టి.2 నమూనాలో రెండు ద్రవములున్నంత మాత్రమున మన కుండలోని నీటికి ఆ గుణము కలదని సిద్ధింపదు. 2017లో స్వీడను దేశమందలి స్టాక్‌హోము విశ్వవిద్యాలయపు ఆండర్స్ నిల్సన్ బృందమువారు శూన్యములో సూక్ష్మబిందువులను చిమ్మి, అవి గడ్డకట్టులోపలనే తీవ్రమైన ఎక్స్-కిరణములతో పరీక్షించిరి. నీటి లొంగుబాటు సున్నకు దిగువ నలువదినాలుగు డిగ్రీల ప్రాంతమున శిఖరమునందుకొని, పిదప తగ్గుటను చూచిరి. స్పీడీ, ఏంజెలులు ఊహించిన స్థానమునకు అది ఎంత దగ్గఱ! అయినను అది అనంతము కాలేదు. 2020లో ఆ బృందమువారే చిక్కని గాజుమంచును లేజరుకాంతితో క్షణార్ధమున వెచ్చచేసి, చిక్కని ద్రవము పలుచని ద్రవముగ మాఱుచుండగా, మంచుకట్టుటకు ముందే దానిని పట్టుకొంటిమని తెలిపిరి. అదే సంవత్సరము డెబెనెడెట్టి మొదలగువారు ఎస్.టి.2 కంటె నిజమైన నీటికి దగ్గఱయైన రెండు నమూనాలలోను ఈ విభజన కలదని గణించిరి. ఇట్లు నిర్మానుష్యభూమిలో మనుష్యుని అడుగుజాడలు పడినవి. రెండు ద్రవములను పక్షము నేడు బలపడినది, విచారణ సాగుచున్నది.

ఈ మూడువందల యేండ్ల కథలో పొరపడనివారు లేరు. ఫారెన్‌హీట్ గాలి యనెను, బ్లాకు సూక్ష్మచలనమనెను, చాండ్లరువంటి మహాపండితుని పక్షమున కొన్ని పంక్తులు తప్పినవి. పొరపాటు అవమానము కాదు. ఫారెన్‌హీట్ పొరపాటు ఆయన కాలు జాఱిన దినమున దిద్దుకొనబడినది. బ్లాకు పొరపాటు పదుమూడేండ్లలో బ్లాగ్డెను చేత తీరినది. వారు చేసిన దెట్లు చేసిరో వ్రాసియుంచిరి గనుక ఎవ్వరైనను రెండు గాజుబుడ్డులతో మరల చేసి చూడగలిగిరి. మన కాలపు పొరపాటు, ఇంతటి సాధనసంపత్తి యుండియు, ఏడేండ్లు నిలిచెను. ఏలయనగా ఫలితము పదిమందిలో నుండెను, పద్ధతి పెట్టెలో నుండెను.

ఈ మాట మన యిండ్లకు దూరమైనది కాదు. మందు పేరు చెప్పిన గుణము పోవునని మన పల్లెలలో నేటికిని వినుచున్నాము. ఆ నమ్మకముచేత తాత యెఱిగిన మూలిక తాతతోనే పోయినది. అది మంచి మందైనచో లోకమునకు నష్టము, చెడ్డదైనచో దాని చెడుగును కనిపెట్టువారు లేక రోగికి నష్టము. పంచాంగములోని మాటకు గాని, పత్రికలోని మాటకు గాని, బడిపుస్తకములోని మాటకు గాని, ఇది యెట్లు తెలిసినదని అడుగుట పెద్దలను ధిక్కరించుట కాదు. సత్యము ఆ ప్రశ్నకు జంకదు. నీరు సున్న డిగ్రీలయొద్ద గడ్డకట్టునని పిల్లవాడు ఒప్పజెప్పినపుడు, తల్లి గాని తండ్రి గాని, ఎల్లప్పుడును కట్టునా యని యొక్క మాట అడుగుదురు గాక. ఆ మాటయే తోడు.